కళ్ళు మూసుకుని పోట్లాడినవాళ్ళు

మా చుట్టాల్లో ఎవరింట్లో ఏ కూడిక జరిగినా చివరి ప్రార్థన నాకే ఇస్తారు. నా భక్తి మీద నమ్మకంతో కాదు. ఏడో తరగతిలో బడి మానేసినవాడి దగ్గర దేవుడికి చెప్పుకోవడానికి కూడా మాటలు తక్కువే ఉంటాయని, బిర్యానీ చల్లారకముందే ఆమెన్ అనేస్తాడని వాళ్ళ లెక్క. పాస్టరుగారు సృష్టి ఆరంభం దగ్గర బయల్దేరి ఒక్కొక్క స్టేషనులో ఆగుతూ వస్తారు. నేను నేరుగా వంటింటి దగ్గర దిగుతాను.

పోయిన నెలలో ఏ.ఎస్. రావు నగర్‌లో మా మరదలు సువర్ణ కొడుకు కొత్త ఫ్లాటులో చేరాడు. సువర్ణ మా మేనమామకు ఒక్కగానొక్క కూతురు, ఆసుపత్రిలో నర్సుగా చేసి రిటైరైంది. గృహప్రవేశ ప్రార్థనకు అందరం వెళ్ళాం. హాలులో సోఫాలు చాలక ప్లాస్టిక్ కుర్చీలు వేశారు. జీవితమంతా షామియానాలు, కుర్చీలు అద్దెకిచ్చి బతికినవాణ్ణి కనుక నేను ఎక్కడికి వెళ్ళినా ముందు కుర్చీ కాళ్ళు చూసి తర్వాత కూర్చుంటాను. పాస్టరుగారు ఇంకా దారిలో ఉన్నారు. ఈలోగా ఇద్దరు పెద్దమనుషులు ఎన్నికల మాట ఎత్తారు. ఒకాయన గొంతు కొంచెం లేచిందో లేదో సువర్ణ కొడుకు గబగబా వచ్చి, "అంకుల్, ప్లీజ్, పాలిటిక్స్ వద్దు. ప్రార్థన ఉంది కదా" అన్నాడు. ఇద్దరూ నోళ్ళు మూసి ఫోన్లు తెరిచారు. నాకు నవ్వొచ్చింది. మా ఇంట్లో ఈ రూలు తిరగేసి ఉండేది. రోజంతా రాజకీయాలు నిషేధం. ప్రార్థనలో మాత్రమే అనుమతి.

అప్పుడు మేము బన్సీలాల్‌పేట్‌లో ఉండేవాళ్ళం. ఇప్పుడు లైట్లు పెట్టి జనాన్ని పిలిచి చూపిస్తున్న మెట్లబావి ఆ రోజుల్లో చెత్తతో పూడిపోయి ఉండేది. దాని పక్కనుంచి పోవాలంటే ముక్కు మూసుకునేవాళ్ళం. ఒకే వాకిట్లో నాలుగు పోర్షన్లు, అందరికీ ఒకటే నల్లా. ఒక పోర్షన్‌లో మేము, దాని గోడ పక్కనే మా మామ యేసుపాదం, ఆయన కూతురు సువర్ణ. సువర్ణను కని అత్తయ్య కన్నుమూసింది కనుక ఆ ఇంట్లో పొయ్యి లేదు. తండ్రీకూతుళ్ళిద్దరికీ మా ఇంట్లోనే తిండి. అమ్మ తెల్లవారకముందే లేచి బొగ్గుల కుంపటి విసురుతుంటే ఆ పొగ మా దుప్పట్లలోకి వచ్చి మమ్మల్ని లేపేది. మామ బీడీ వాసన, నాన్న చొక్కాకు పెట్టిన గంజి వాసన, సువర్ణ తలకు రాసిన కొబ్బరినూనె వాసన, ఈ మూడూ కలిస్తే నాకు అదే పొద్దు. ఇప్పుడు ఎక్కడైనా గంజి పెట్టిన బట్ట ముక్కుకు తగిలితే ఒక్క క్షణం బీడీ కోసం వెతుకుతాను. నాకు బీడీ అలవాటు లేదు.

మా నాన్న దేవసహాయం గుంటూరు వైపు మనిషి, సర్కారు ఆఫీసులో గుమాస్తా. అమ్మ వాళ్ళు తరాలుగా సికింద్రాబాదు వాళ్ళు. గుడిలో, అంటే మా చర్చిలో, కుదిరిన సంబంధం గనుక భాష కుదరకపోయినా పెళ్ళి జరిగిపోయింది. నాన్నకు నమ్మకాలు రెండు, ఒకటి దేవుడు, రెండోది ఓటు. ఎన్నికల రోజు ఆదివారం చొక్కా తొడుక్కునేవాడు. ఓటేసి వచ్చాక సిరా చుక్క చెరిగిపోతుందని ఆ చేతిని నీళ్ళకు తగలనివ్వకుండా పైకెత్తి తిరిగేవాడు. "ఆ చెయ్యి గట్ల లేపుకొని తిరుగుతవు, బస్సు ఆపుతున్నవనుకుంటరు" అనేది అమ్మ. మామ రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరు, యూనియన్ మనిషి, కమ్యూనిస్టు. ఆయన తండ్రి భక్తితో పెట్టిన పేరు పార్టీలో కొంచెం ఇబ్బందయింది. కామ్రేడ్ యేసుపాదం అని మైకులో పిలిస్తే జనం తికమక పడుతున్నారని వాళ్ళు ముందు సగం కత్తిరించి పాదమన్న అని పిలిచేవాళ్ళు. "మిగిలిన సగం మా దగ్గర భద్రంగా ఉందిలే, ఎప్పుడొచ్చి అడిగినా ఇస్తాం" అనేవాడు నాన్న.

కమ్యూనిజం, ప్రజాస్వామ్యం అంటే ఏమిటని మా వాకిట్లో ఎవరినైనా అడిగి ఉంటే కాగితం, పాలపొడి అని చెప్పేవాళ్ళు. రష్యా నుంచి వచ్చే పుస్తకాల కాగితం నునుపుగా, రంగురంగులుగా ఉండేది. వాకిట్లో పిల్లలందరి నోటుబుక్కులకూ మామ తెచ్చిన పత్రికల అట్టలే. లెక్కల పుస్తకం మీద ట్రాక్టరు, తెలుగు వాచకం మీద గోధుమ పొలంలో నవ్వుతున్న ఎర్ర బుగ్గల ఆడవాళ్ళు. అమెరికా నుంచి పాలపొడి, పసుపుపచ్చ నూనె డబ్బాలు గుడి ద్వారా పంచేవాళ్ళు. ఆ పొడి నాలుక మీద వేసుకుంటే అంగిలికి అతుక్కుని పాట పాడటానికి వీలయ్యేది కాదు. నల్లా దగ్గర ఆడవాళ్ళకు ఏ రాజ్యం గొప్పదో పట్టలేదు. కాగితం చిరగదు, పాలు విరగవు, రెండూ మంచివే అనేవాళ్ళు. పట్టింపల్లా మా ఇద్దరు మగవాళ్ళకే. వాళ్ళు అన్నం ముందు కూర్చుని మొదలుపెడితే కూర చల్లారేది, గొంతులు లేచేవి, సువర్ణ ఏడ్చేది. ఒకరోజు అమ్మ కూర గిన్నె తీసి మళ్ళీ కుంపటి మీద పెట్టి, "ఈ ఇంట్ల అన్నం కాడ రష్యా లేదు, అమెరికా లేదు. నోరు లేస్తే కంచం లేస్తది" అని చెప్పేసింది. దాంతోపాటు ఇంకో షరతు కూడా పెట్టింది. సాయంత్రం కుటుంబ ప్రార్థనలో కూర్చున్నవాళ్ళకే అన్నం, తమ్ముడైనా సరే.

"తిండి కోసం లైన్ల నిలబడుడేనా అక్కా" అన్నాడు మామ.

"మీ రష్యాలో అదేగా పద్ధతి. నీకు అలవాటవుద్దిలే" అన్నాడు నాన్న.

"చూస్తివా అక్కా, షురూ చేసింది ఎవరు?"

అలా ఆ నాస్తికుడు మా చాప మీదికి వచ్చాడు. దీపాల వేళకు తలుపు బార్లా తెరిచి చాప పరిచేవాళ్ళం. మా ప్రార్థనలో ఒక మర్యాద ఉంది. వరసగా ఒకరి తర్వాత ఒకరు పైకి ప్రార్థించాలి. ఒకరు కళ్ళు మూసుకుని దేవుడితో మాట్లాడుతుంటే ఇంకొకరు అడ్డు తగలకూడదు. ఇల్లు కాలిపోతున్నా ఆమెన్ దాకా ఆగాల్సిందే. ఈ సందు మొదట కనిపెట్టింది నాన్నే. ఒక సాయంత్రం ఆయన గొంతు సవరించుకుని, "కృపగల తండ్రీ, ఈ దేశంలో కూలివాడికీ కోటీశ్వరుడికీ ఒక్కొక్క ఓటే ఇచ్చి సమానం చేసినందుకు స్తోత్రం. నోరు తెరిచిన వాణ్ణి మంచు ఎడారులకు తోలే రాజ్యంలో మమ్మల్ని పుట్టించనందుకు స్తోత్రం. మా మధ్యనే కూర్చుని ఆ చీకటిని వెలుగనుకుంటున్న ఒక ఆత్మకు కనువిప్పు దయచెయ్యి" అన్నాడు. నేను కన్ను సగం తెరిచి చూశాను. ఆ ఆత్మ పళ్ళు కొరుకుతోంది. కానీ ఆగింది. నా వంతు, సువర్ణ వంతు అయిపోయాక మామ కళ్ళు గట్టిగా మూసుకున్నాడు.

"సామీ, నువ్వున్నవో లేవో నాకెర్క లేదు. అక్క కూసోమన్నది, కూసున్న. ఇంతకుముందు నీకొకాయన చెప్పిండు, కూలోనికి కోటీశ్వరునికి ఒక్కొక్క ఓటే అని. నిజమే. ఓటేసి బయటికొచ్చినంక ఒకడు కారెక్కిండు, ఒకడు నడిసి పోయిండు. ఆ కారు సంగతి జెర నువ్వే అడుగు. మళ్ళ ఎన్నికలొచ్చేదాంక ఆయనైతే అడగడు. ఆమెన్."

నాన్న నోరు తెరిచాడు. కానీ ఆయన వంతు అయిపోయింది. చివరి వంతు అమ్మది. అమ్మ ఎప్పటిలాగే బియ్యం, జ్వరాలు, పక్కింటివాళ్ళ కోడలి కాన్పు దేవుడికి అప్పజెప్పి ముగించింది. జవాబు చెప్పాలంటే నాన్న మర్నాటి సాయంత్రం దాకా ఆగాలి. అక్కణ్ణుంచి ఇది మా ఇంటి పద్ధతైపోయింది. ఒక్కొక్కరికీ జవాబు నూరుకోవడానికి రోజంతా దొరికేది. నాన్న గొడుగు చంకన పెట్టుకుని పెదాలు కదుపుతూ ఆఫీసుకు పోతుంటే దారిలో ఎంత భక్తి అనుకునేవాళ్ళట జనం. మామ వర్క్‌షాపులో లేతు మిషను మోతలో గట్టిగా రిహార్సల్ చేసుకునేవాడని ఆయన దోస్తులు చెప్పి నవ్వేవాళ్ళు.

పాలపొడి పంపిన చేతులను దీవించమని నాన్న అడిగితే, "ఆ చేతులే ఇంకో దేశం మీద బాంబులు సుత ఏస్తున్నయి. దీవించేటప్పుడు ఏ చెయ్యో చూసి దీవించు సామీ" అనేవాడు మామ. ట్యాంకులతో పక్క దేశం వీధుల్లోకి దిగినవాళ్ళను కూడా చూడు తండ్రీ, ట్యాంకు ఎర్రగా ఉంటే తొక్కించుకున్నవాడికి నొప్పి తగ్గదు కదా అని నాన్న ఒకరోజు గట్టిగా తగిలించాడు. మామ వంతు వచ్చింది. బయట నల్లా చుక్కలు పడుతున్న చప్పుడు. చివరికి, "దీనికి నా దగ్గర ఇయ్యాల జవాబు లేదు సామీ. తెలుసుకొని చెప్త. ఆమెన్" అన్నాడు. ఆ రాత్రి అన్నం దగ్గర నాన్న చేప నడిముక్క తీసి మామ కంచంలో వేశాడు. గెలిచినవాడు నడిముక్క ఇవ్వాలని ఎవరూ చెప్పలేదు, అదీ పద్ధతైపోయింది. ఎవరు గెలిచారో మాకు ప్రార్థనలో తెలిసేది కాదు, చేప వడ్డించినప్పుడు తెలిసేది. నేను బడిలో ఏడేళ్ళు కూర్చుని నేర్చుకున్నదానికంటే ఆ చాప మీద నేర్చుకున్నదే ఎక్కువ. వియత్నాం ఎక్కడుందో నాకు మ్యాపులో తెలియదు గానీ ప్రార్థనలో తెలుసు.

తర్వాత ఎమర్జెన్సీ వచ్చింది. మా ఇంటి లెక్క తలకిందులైంది అక్కడే. ఓటును దేవుడి పక్కన కూర్చోబెట్టిన నాన్నకు ఎమర్జెన్సీ నచ్చింది. ఆఫీసులో అందరూ గంట కొట్టేసరికి కుర్చీల్లో ఉంటున్నారట, రైళ్ళు వేళకు వస్తున్నాయట, మా గల్లీ కూడా ఊడ్చారు. బెత్తం లేక చెడిపోయిన పిల్లలం తండ్రీ, కొన్నాళ్ళు ఈ బెత్తం ఉండనీ అని ప్రార్థించాడు. కమ్యూనిస్టుల్లోనే దానికి జై కొట్టినవాళ్ళు ఉన్నారు. పార్టీ రెండుగా చీలాక మామ ఉన్న ముక్క మాత్రం కొట్టలేదు. "సామీ, ఎన్నికలెప్పుడని అడగాల్సినాయన బెత్తం మంచిదంటున్నడు. ఓటు బూటకమని తిట్టిన నేను ఎన్నికలెప్పుడని అడుగుతున్న. మా ఇద్దరిల ఎవరి దిమాగ్ ఖరాబైందో నువ్వే చెప్పు" అన్నాడు మామ. నాన్న నవ్వాపుకోలేక దగ్గాడు. ఆ చాప మీద నేను విన్న చివరి మంచి ప్రార్థన అది.

ఆ వారంలోనే ఒక పొద్దున మామ నల్లా దగ్గర పళ్ళపొడితో పళ్ళు తోముకుంటుంటే మామూలు బట్టల్లో ఇద్దరు పోలీసులు వచ్చి పక్కన నిలబడ్డారు. మామ నింపాదిగా నోరు కడుక్కున్నాడు. "అక్కా, పోరిని చూసుకో" అన్నాడు. తర్వాత మా గడప వైపు తిరిగి, "పొయ్యొస్త బావా" అన్నాడు. నాన్న గుమ్మంలో సగం బొత్తాలు పెట్టుకున్న చొక్కాతో నిలబడి ఉన్నాడు. వాళ్ళు వెళ్ళాక మిగిలిన బొత్తాలు పెట్టుకుని ఆఫీసుకు వెళ్ళిపోయాడు. గంట కొట్టేసరికి కుర్చీలో ఉండాలి కదా.

ఆ సాయంత్రం చాప మీద మామ చోటు అలాగే ఖాళీగా ఉంచి కూర్చున్నాం. నాన్న వాన కోసం, పంటల కోసం ప్రార్థించాడు. మా పంటలంటూ ఏవీ లేవు. అమ్మ వంతు వచ్చింది. అంతవరకు దేవుడి దగ్గర రాజకీయం ఎత్తని మనిషి. "సామీ, మా ఆయన ఇన్నేండ్లు నీ ముంగట ఓటు అన్నడు, స్వేచ్ఛ అన్నడు. అవి యాడ పోయినయో జెర ఎతికిపెట్టు. నా తమ్మున్ని ఏం తప్పు జేసిండని లోపలేసిండ్రో ఆయన్ని సుత అడగమను. ఆయన నా మాట ఇనడు, నువ్వు చెప్పు. ఆమెన్" అంది. మర్యాద ప్రకారం ఎవరూ అడ్డం రాలేదు. నాన్న ఆ రోజు అన్నం తినలేదు.

అప్పటి ముషీరాబాద్ జైలు మా ఇంటికి నడిచిపోయేంత దూరం. ఇప్పుడక్కడ పెద్దాసుపత్రి ఉంది. మోకాళ్ళు చూపించుకోవడానికి నేను వెళ్ళేది అక్కడికే. నాన్న ఆఫీసు దారి ఆ గోడ పక్కనుంచే. మామను తీసుకెళ్ళిన తర్వాత ఆయన రాణీగంజ్ మీదుగా చుట్టూ తిరిగి పోవడం మొదలుపెట్టాడు. గాలి బాగుంటుందని చెప్పేవాడు. లారీల పొగలో గాలి బాగుండటం సికింద్రాబాదులో ఆయనొక్కడికే తెలుసు. నేను అప్పటికి కార్ఖానా బస్తీలో ఒక షామియానా కంపెనీలో పనిచేస్తున్నాను. ఒకరోజు నాన్న ఆఫీసులోనే ఎవరిదో వీడ్కోలు సభకు కుర్చీలు వేయడానికి వెళ్ళాను. పై ఆఫీసరు నాన్నను ఆపి, "ఏమయ్యా దేవసహాయం, నీ బావమరిది ఎవరో లోపలున్నాడంట?" అని అడిగాడు. "మా ఆవిడ తరఫున దూరపు చుట్టమండీ. రాకపోకలు లేవు" అన్నాడు నాన్న. అని తలెత్తితే ఎదురుగా కుర్చీలు మోస్తూ నేను. కుర్చీలు వేసి వచ్చేశాను.

ములాఖత్ రోజు అమ్మ, సువర్ణ, నేను వెళ్ళేవాళ్ళం. ముందు రోజు నాన్న పొయ్యి దగ్గర కూర్చుని స్వయంగా గోంగూర పచ్చడి చేసేవాడు. ఎండుమిరపకాయలు వేయించిన ఘాటుకు వాకిలంతా తుమ్మేది. సీసాలో కూరి, "నేనిచ్చానని చెప్పొద్దు" అనేవాడు. మామ కమ్మీల అవతల మూత తీసి వాసన చూసేవాడు.

"ఇది గుంటూరు చెయ్యి గద. బావ రాలే?"

"ఆఫీసుల పనున్నదంట" అనేది అమ్మ.

"ప్రార్థనల నన్ను తిడుతున్నడా?"

"తిడుతలేడు."

"అరె, మరి తిన్నదెట్లరుగుతున్నది ఆయనకు?"

వెళ్ళిన ప్రతిసారీ బావ రాలేదా అని అడిగేవాడు. కొన్నాళ్ళకు అడగడం మానేశాడు. పచ్చడి సీసా మాత్రం ఖాళీ చేసి కడిగి తిరిగిచ్చేవాడు. అమ్మ నాన్నతో ఒక్కసారి రమ్మని ఎంతగానో చెప్పింది. ఒక్కసారి మొహం చూపిస్తే చాలు, నా కోసం అంది. నాన్న గొడుగు దులుపుకుంటూ ఉద్యోగం, పిల్లలు అని ఏదో గొణిగేవాడు. అమ్మకు కావలసింది ప్రజాస్వామ్యమూ కాదు, కమ్యూనిజమూ కాదు. మొగుడూ తమ్ముడూ ఒక చాప మీద కూర్చుని మళ్ళీ తిట్టుకోవడం.

ఎన్నికలు వచ్చాయి, ఎమర్జెన్సీ ఎత్తేశారు, మామ ఇంటికొచ్చాడు. జుట్టు నెరిసింది, చొక్కా వదులైంది. నాన్న పెద్ద చేప తెచ్చి తనే కడిగించాడు. ఆ సాయంత్రం తలుపు దగ్గరగా వేసి ప్రార్థనకు కూర్చున్నాం. నాన్న మామూలు కంటే మెల్లగా మొదలుపెట్టి, విడిపించినందుకు స్తోత్రాలు చెప్పి, చివర్లో కొంచెం ఉప్పు చల్లాడు. "ఎంతైనా ఓటే కదా తండ్రీ ఈయన్ని బయటికి తెచ్చింది, ఎర్రజెండా కాదు కదా." మేమందరం ఊపిరి బిగబట్టి మామ వంతు కోసం ఆగాం. అమ్మ పెదాల మీద నవ్వు కూడా మొదలైంది. మామ తల వంచుకుని కూర్చున్నాడు. "ఆమెన్" అన్నాడు. అంతే.

తర్వాత ఎప్పుడూ అంతే. మామ కోపంగా ఏమీ లేడు. నల్లా నీళ్ళ గురించి, ఉల్లిగడ్డల గురించి, సువర్ణ చదువు గురించి నాన్నతో బాగానే మాట్లాడేవాడు. నాన్న గొడుగు కమ్మి విరిగితే తనే బిగించి ఇచ్చాడు. సాయంత్రం చాప మీద మాత్రం, ఆమెన్. నాన్న చెయ్యని ప్రయత్నం లేదు. పెట్టుబడిదారులను పేరుపేరునా దీవించాడు. సమ్మెలు చేసేవాళ్ళకు బుద్ధి ఇవ్వమన్నాడు. ఒకరోజైతే తెగించి, ప్రజాస్వామ్యంలో కూడా లోపాలున్నాయి తండ్రీ, అవేమిటో ఎవరైనా చెబితే వినడానికి సిద్ధంగా ఉన్నాను అన్నాడు. ఆమెన్. "ఏందిరా, మీ బావ మీద ఇంక మనసు విరిగిపోయిందా?" అని అమ్మ అడిగితే, "గట్లేం లేదక్కా" అని చెయ్యి కడుక్కున్నాడు. చేప నడిముక్క ఎవరికి వెయ్యాలో తెలియక అమ్మ దాన్ని నాకు వెయ్యడం మొదలుపెట్టింది. నాకది రుచించిందని అబద్ధం చెప్పలేను.

ఏళ్ళు గడిచాయి. సువర్ణ నర్సయింది. నేను సొంతంగా షామియానా పెట్టుకుని ఎర్రజెండా సభకూ, మూడు రంగుల జెండా సభకూ అవే కుర్చీలు వేశాను. చివరికి రష్యాలో ఆ రాజ్యమే కూలిపోయింది. ఎర్రజెండా దించుతున్న ఫొటో పేపర్లో పడ్డ రోజు మామ వర్క్‌షాపు నుంచి ఎప్పటి కంటే ఆలస్యంగా వచ్చాడు. జీవితమంతా సాగిన వాదంలో నాన్న గెలిచిన రోజది. ప్రపంచమంతా ఆయన పక్షాన తీర్పు చెప్పింది. అమ్మ నాన్నను వంటింట్లోకి పిలిచి, ఈ ఒక్కరోజు నోరు అదుపులో పెట్టుకోమంది. నాన్న చాప మీద కూర్చుని కళ్ళు మూసుకున్నాడు. తర్వాత, "తండ్రీ, ఆ దేశంలో ఈ చలికాలం పిల్లలకు రొట్టె దొరికేలా చూడు" అన్నాడు. ఆ వెంటనే, "ఈ సంగతి మీద ఎవరికైనా నీతో చెప్పుకోవలసింది ఉంటే... నన్ను తిట్టవలసింది ఉన్నా సరే... ఈ రోజైనా చెప్పుకోనియ్యి" అన్నాడు. నేను కళ్ళు తెరిచాను. సువర్ణ కూడా తెరిచింది. మామ మూసిన రెప్పల కింద తడి కనిపించింది. "ఆమెన్" అన్నాడు.

నాన్న ఆ తర్వాత ఎంతోకాలం లేడు. మంచం పట్టాక ఒకరోజు నన్ను దగ్గరికి పిలిచి, "వాడు ఒక్కసారి నన్ను తిడితే బాగుండేదిరా" అన్నాడు. నేను నవ్వించబోయాను, మామ బదులు నేను తిట్టనా అని. ఆయన నవ్వలేదు. సమాధుల తోటలో మామ అందరికంటే చివర వెళ్ళాడు. గుప్పెడు మన్ను వేసి, పెదాలు కదుపుతూ నిలబడ్డాడు. ఏమన్నాడో ఎవరికీ వినపడలేదు. ఇప్పుడు మామ లేడు, అమ్మా లేదు. వియత్నాం గురించి దేవుడికి ఫిర్యాదు చేసేవాళ్ళు మా చుట్టాల్లో ఎవరూ మిగల్లేదు.

ఏ.ఎస్. రావు నగర్ ఫ్లాటులో నా ప్రార్థన ఎప్పటిలాగే పొట్టిగా ముగిసింది. భోజనాల దగ్గర పిల్లలకు ఈ కథంతా చెప్పాను. కారు సంగతి, బాంబులేసే చేతుల సంగతి విని పొట్టలు పట్టుకుని నవ్వారు. ఒక కుర్రాడు, "తాతా, అంత కొట్టుకుని మళ్ళీ కలిసి ఎలా తిన్నారు?" అని అడిగాడు. వాడి వయసువాళ్ళకు అది అర్థం కాదు. ఇప్పుడు మాట తేడా వస్తే గ్రూపులోంచి వెళ్ళిపోతారు, లేకపోతే అసలు మాటే రాకుండా ముందే రూలు పెట్టుకుంటారు. అప్పుడు ఇల్లు చిన్నది, వెళ్ళిపోవడానికి ఇంకో గది లేదు. అప్పటివాళ్ళు మంచివాళ్ళని నేననను. ఒకడు ట్యాంకులను వెనకేసుకొచ్చాడు, ఇంకొకడు బెత్తాన్ని. కానీ తెలుసుకుని చెబుతానని దేవుడి ముందు ఒప్పుకున్న కమ్యూనిస్టును, గెలిచి నడిముక్క ఇచ్చేసిన ప్రజాస్వామ్యవాదిని మళ్ళీ నేనెక్కడా చూడలేదు. మా ఇంట్లోనే కొన్నేళ్ళు చూశాను. తర్వాత అక్కడా వాళ్ళు కనిపించలేదు.

అందరూ వెళ్ళాక సువర్ణ వంటింట్లో నాకు డబ్బాలో బిర్యానీ సర్దుతోంది. నేను గట్టు పక్కన కుర్చీ వేసుకుని కూర్చున్నాను.

"గట్ల కొట్లాడెటోళ్ళు ఇప్పుడు లేరు సువర్ణా" అన్నాను. "అందరికి భయమే. మన ఫ్యామిలీ గ్రూపుల ఎవడన్న ఒక్క ముక్క మాట్లాడుతడా? నేను సుత బంద్ జేసిన. పొద్దుగాల లేస్తే గులాబి పువ్వు, గుడ్ మార్నింగ్, అంతే. ఈ వయసుల మనకెందుకు లొల్లి."

"ఊఁ" అంది తలెత్తకుండా.

"ఏమన్నగాని, మీ నాయిన మా నాన్నకు అంత శిక్ష ఎయ్యకుండా ఉండాల్సింది. జైలుకాడికి రాలేదనే గద. జెర మాఫ్ జేస్తే పోయేది. పాపం, అడిగి అడిగి పోయిండు."

సువర్ణ డబ్బా మూత పెట్టి నా వైపు తిరిగింది.

"శిక్ష ఎవరేసిండ్రు బావా? జైలు నుంచి వచ్చిన రోజు మీ నాన్న ప్రార్థన జేస్తుంటే మా నాయిన కండ్లు తెరిచి చూసిండట. నల్లాకాడ ఎవరో బిందె పెట్టిన చప్పుడైతే మీ నాన్న మధ్యల ఆగి తలుపు దిక్కు చూసిండట. ఎన్నికలై పోయినంక సుత. 'మీ మామ భయపడి ఉన్నడు బిడ్డా. భయపడ్డ మనిషితోని వాదన పెట్టుకోవద్దు, పాపమొస్తది' అన్నడు నాతోని."

"అన్నేండ్లు ఉంటదా భయం?"

"ఒకసారి చూసినంక చూడనట్టు ఎట్లుంటడు? నేను సుత గంతే బావా. నువ్వు పొద్దుగాల గులాబి పువ్వు పెడితే, దండం బొమ్మ పెట్టి ఊకుంట."